జీతం తక్కువున్నా చిన్న అప్పులు ఎలా తీర్చాలి

ముందు ఒక నోటుబుక్ తీసుకుని ఎవరికి ఎంత, వడ్డీ ఎంత అని అన్నీ రాయండి, కిరాణా ఖాతా, చేబదుళ్ళు కూడా వదలొద్దు. మొత్తం ఎంతన్నది కాదు, వడ్డీ ఏది ఎక్కువో అది చూడాలి.

చాలామంది మోసపోయేది రోజువారీ ఫైనాన్స్ దగ్గరే. పదివేలు రాసుకుని చేతికి 9,000 ఇస్తారు, రోజుకి వంద చొప్పున 100 రోజులు కట్టాలి, వెయ్యే కదా వడ్డీ అనిపిస్తుంది, కానీ అసలు రోజూ తగ్గిపోతుంటుంది కాబట్టి లెక్కేస్తే నెలకి నూటికి ఆరు రూపాయల పైనే పడుతుంది! అందుకే మిగతావాటికి వడ్డీ మాత్రం కడుతూ ముందు దీన్ని వదిలించుకోండి. డ్వాక్రా లోన్ దొరికినా, ఇంట్లో కాస్త బంగారం ఉండి బ్యాంకులో పెట్టినా వడ్డీ మామూలుగా రూపాయి లోపే, ముందే కట్టేస్తే ఫైనాన్స్ వాళ్ళు తగ్గించుకుంటామంటే అది తెచ్చి దీన్ని కట్టేయడం నయం. అలా తెచ్చిన డబ్బు ఇంకదేనికీ వాడకండి ప్లీజ్.

జీతం పడిన రోజే అద్దె, బియ్యం, కరెంటు, పిల్లల ఫీజు పక్కన పెట్టేసి, అప్పుకి అయిదొందలైనా తీసేయండి, నెలాఖరుకి మిగిలితే కడదాం అనుకుంటే మిగలదు. చిట్టీ పాడితే ఆ డబ్బు కూడా అప్పుకే.

ప్రోనోటు రాసిచ్చి ఉంటే కట్టినప్పుడల్లా నోటు వెనకాల చెల్లు రాయించుకోండి, మొత్తం తీరాక ఆ నోటు వెనక్కి తెచ్చుకోండి, ఎంత తెలిసినవాళ్ళైనా సరే. లోన్ యాప్ వాళ్ళు ఫోటోలు మార్చి బెదిరిస్తే భయపడి ఇంకో యాప్‌లో తీసుకోకండి, సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.