గండికోటలో రెండు పూటల నడక

మాది కడప జిల్లా జమ్మలమడుగు. పెన్న లోయ అంచున ఉన్న పాత కోట, గండికోట, మా ఊరికి 15 కిలోమీటర్లే. అందుకేనేమో, చిన్నప్పుడు అది పనిగట్టుకుని చూడాల్సిన తావని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. పెళ్లయి హైదరాబాదు వచ్చాక అత్తగారి వైపు వాళ్లు "మీ ఊరి పక్కనే కదా వదినా, చూపించవూ" అని మొదలుపెట్టారు. ఈ పన్నెండేళ్లలో కనీసం పదిహేనుసార్లు ఎవరో ఒకరిని వెంటేసుకుని వెళ్లుంటాను. అక్కడికొచ్చే చాలామంది కారు మసీదు దగ్గర ఆపి, లోయ అంచున నాలుగు ఫొటోలు తీసుకుని, గంటలో బేలం గుహలకు పరిగెత్తుతారు. వాళ్లకు నా అవసరం లేదు. ఒక రాత్రి అక్కడే ఉండి, ఒక సాయంత్రం, ఒక పొద్దున నడుద్దామనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

వెళ్లాల్సింది నవంబరు, ఫిబ్రవరి మధ్యలో. వానల్లో లోయ చూడ్డానికి బాగుంటుంది కానీ బండలు జారతాయి, అప్పుడు పైనుంచి చూసి తృప్తిపడాలి. మార్చి దాటాక మాత్రం వద్దు. ఈ మాట నేను అనుభవం మీద చెబుతున్నాను. ఒకసారి ఏప్రిల్‌లో మా ఆడపడుచు పిల్లలిద్దరినీ పదకొండు గంటలకు లోయలోకి దించాను. ముగ్గురికీ కలిపి రెండు లీటర్ల నీళ్లు! మా సీమ ఎండ నాకు తెలియందా అన్న ధీమా. ఎక్కేటప్పుడు సగం దారిలో నీళ్లయిపోయాయి, నా చెప్పు తెగింది, చిన్నవాడికి వాంతులు. పెనంలా కాలుతున్న బండ మీద ఒక కాలికి చెప్పు, ఒక కాలికి చున్నీ చుట్టుకుని పైకొచ్చాను. వాడిప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా "అత్తా, ఈసారి ఎన్ని లీటర్లు?" అని అడుగుతాడు.

మనిషికి మూడు లీటర్లు, ఇదీ లెక్క. చలికాలమైనా సరే తగ్గించొద్దు. చెప్పులొద్దు, అడుగు గరుగ్గా ఉండే బూట్లు వేసుకోండి. కంపచెట్ల ముళ్లు పలచటి అడుగులోంచి నేరుగా దిగిపోతాయి. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కాబట్టి నీళ్లు, తిండి వీపు సంచిలో పెట్టుకోండి. ఆడవాళ్లకు ఇంకో ముక్క: బాత్రూమ్ పని బస దగ్గరే కానిచ్చుకుని బయల్దేరండి. కోట లోపల ఆ సదుపాయం ఉంటుందిలే అన్న నమ్మకం పెట్టుకోవద్దు.

రైల్లో వచ్చేవాళ్లు ముద్దనూరులో దిగొచ్చు, అది ముంబయి, చెన్నై లైను మీద ఉంది. ఎర్రగుంట్ల, నంద్యాల లైనులో జమ్మలమడుగుకూ స్టేషనుంది కానీ రైళ్లు తక్కువ. జమ్మలమడుగులో పొద్దున దిగితే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినకుండా కదలొద్దు. బొరుగులు నానబెట్టి చేసే ఆ టిఫిన్ మధ్యాహ్నం దాకా ఆకలి కానివ్వదు. కోటకు ఆటో మాట్లాడుకునేటప్పుడే మరుసటి రోజు వెనక్కి తీసుకెళ్లే సంగతి కూడా తేల్చుకోండి. బసకు పర్యాటక శాఖ హరిత హోటలుంది, గుడారాలు వేసేవాళ్లూ ఉన్నారు. శని, ఆదివారాలు జనం ఎక్కువ, వీలైతే మంగళవారమో బుధవారమో రండి.

మొదటి పూట నడక మధ్యాహ్నం మూడు గంటలకు మొదలుపెట్టండి. కోట తూర్పు వాకిలి దగ్గరే బండి దిగేయాలి. ఇనుప మేకులు దిగ్గొట్టిన పెద్ద చెక్క తలుపులు, వంపులు తిరుగుతూ లోపలికెళ్లే దారి, రెండు పక్కలా ఎర్రరాతి గోడలు, ఇవన్నీ నడిచేవాళ్లకే అందుతాయి. దారి ఎందుకన్ని వంపులు తిరుగుతుందో మా పిల్లలను అడిగాను. "ఏనుగు పరిగెత్తుకొచ్చి తలుపును గుద్దకుండా" అన్నాడు పెద్దవాడు. అంతే. లోపలికొచ్చాక చిల్లుల కిటికీలున్న పావురాల గోపురం కనిపిస్తుంది. ఊళ్లోవాళ్లు దాన్ని చార్మినార్ అంటారు. పక్కనే జైలు. ఈ రెంటికీ పది నిమిషాలు చాలు.

మాధవరాయ స్వామి గుడి దగ్గర మాత్రం తొందరపడొద్దు. 16వ శతాబ్దం నాటి విజయనగర పద్ధతి కట్టడం. నాలుగు అంతస్తుల గోపురం దూరం నుంచే కనిపిస్తుంది. గర్భగుడిలో విగ్రహం లేదు, గంట లేదు, పూజారి లేడు. అయినా మా అత్తగారు గడప దగ్గర చెప్పులు విడిచి, ఖాళీ గర్భగుడికే దండం పెట్టుకుని వచ్చారు. మంటపంలో కూర్చుంటే సాయంత్రం వెలుగు స్తంభాల మీద ఏటవాలుగా పడి, పొద్దున చదునుగా కనిపించే బొమ్మలు లేచి నిలబడతాయి. నాలుగు, నాలుగున్నర మధ్య అక్కడ ఉండేలా చూసుకోండి.

ఈ గుళ్లు, గోడలు పెరిగిన కాలంలో కోట పెమ్మసాని నాయకులది. వాళ్లు విజయనగర రాయలకు సామంతులు. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. వజ్రాలు, ముత్యాల వర్తకం చేసే ఫ్రెంచివాడు టావెర్నియర్ 1652లో ఇక్కడికొచ్చింది ఆ మీర్ జుమ్లాను కలవడానికే. ముత్యాల మూట పట్టుకుని ఆ రోజుల్లో ఈ కొండెక్కాడంటే, మనం వాటర్ బాటిల్‌తో ఎక్కడానికి ఆయాసపడటం సిగ్గుచేటే!

గుడి నుంచి మసీదు వైపు నడవండి. రెండు మినార్ల జామియా మసీదు, దాని పక్కన వంపు కప్పున్న ధాన్యాగారం, ముందు కత్తుల కోనేరు. యుద్ధమయ్యాక కత్తులు ఇందులో కడిగేవారని, అందుకే నీళ్లు ఎర్రబడేవని కథ. నాకైతే చుట్టూ ఉన్న ఎర్రమల కొండల పేరే జవాబు చెబుతున్నట్టు అనిపిస్తుంది. వాన పడితే మా దగ్గర ఏ గుంట నీళ్లు ఎర్రగా ఉండవు కనక! ధాన్యాగారంలో గట్టిగా పిలిచి ప్రతిధ్వని వినడం పిల్లలకు సరదా. గోడలమీద పేర్లు చెక్కడం పెద్దలకు సరదా. రెండోది చేసేవాళ్లు మీ గుంపులో ఉంటే చెయ్యి పట్టుకుని లాగేయండి.

ఐదు కల్లా రంగనాథస్వామి గుడి శిథిలాల పక్కనుంచి లోయ అంచుకు చేరండి. వాకిలి నుంచి ఇక్కడికి ఎక్కడా ఆగకపోతే అరగంట నడక. 'గండి' అంటే మనకు తెలిసిందే, చెరువు కట్టకు పడేది. ఇక్కడ పెన్న ఏకంగా కొండలకే గండి కొట్టింది. మూడు వందల అడుగుల లోతున నీళ్లు, రెండు వైపులా నిలువు గోడలు, ఇటుకలు పేర్చినట్టు ఎర్రటి పలకలు. మీ వంటింటి అరలకు వాడే కడప బండ కూడా మా ప్రాంతానిదే, అదీ పొరలు పొరలుగానే వస్తుంది. కానీ అది సున్నపురాయి, ఇది క్వార్ట్‌జైట్ అనే గట్టిరాయి. వయసు వంద కోట్ల ఏళ్ల పైమాటే. రాయి గట్టిదే అయినా పలకకూ పలకకూ మధ్య పగుళ్లున్నాయి. అందుకని అంచున పెద్ద పెద్ద దిమ్మలు విడివిడిగా నిలబడి ఉంటాయి.

ఆ దిమ్మల మీదే అందరూ ఎక్కి ఫొటోలు దిగేది. చాలాచోట్ల కంచె లేదు. నా పద్ధతి చెబుతాను: అంచుకు రెండు మనుషుల పొడవు దూరంలో కూర్చుండిపోవడం. అంతకంటే ముందుకు చూడాలనిపిస్తే బోర్లా పడుకుని పాకుతాను. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఫొటో తీసేవాళ్లు వెనక్కి అడుగేయడం ఇంకా ప్రమాదం, ఆ మాట ముందే చెప్పి ఉంచండి. పొద్దు వాలాక చీకటి తొందరగా కమ్ముకుంటుంది. టార్చిలైటు తప్పనిసరి. ఫోన్ లైటును నమ్ముకుంటే సిగ్నల్ కోసం వెతికి వెతికి బ్యాటరీ ముందే అయిపోయి ఉంటుంది.

రెండో పూట నడక దిగడం. ఇది అందరికీ కాదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, పదేళ్లలోపు పిల్లలు పైనే ఉండాలి. పోయిన జనవరిలో నేనే దిగలేదు, మా తమ్ముడిని పంపి పైన చెనిక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నా. దిగేవాళ్లు ముందురోజే ఊళ్లో ఎవరినైనా దారి తెలిసినవాళ్లను మాట్లాడుకోండి. మెట్లేమీ ఉండవు, బండల మధ్య కాళ్లు పడి ఏర్పడ్డ జాడ మాత్రమే. తెల్లవారి వెలుగొచ్చాక మొదలుపెట్టి తొమ్మిదికల్లా పైకి వచ్చేయాలి. దిగడానికి మాకు ముప్పావు గంట పట్టేది, ఎక్కడానికి గంటకు పైనే.

దిగేటప్పుడు ముఖం కొండ వైపు ఉండాలి, మెట్ల నిచ్చెన దిగినట్టు. రెండు చేతులు, రెండు కాళ్లలో ఎప్పుడూ మూడు ఆని ఉండాలి, ఒకటే కదలాలి. బరువు వేసేముందు పలకను అరచేత్తో తట్టండి. డొల్ల చప్పుడు వచ్చిందంటే అది కదిలే రాయి. పగుళ్లలోకి చూడకుండా చెయ్యి పెట్టొద్దు, తేళ్లకు అలాంటి చోట్లే ఇష్టం. ఒకరి నెత్తిన ఒకరుగా దిగొద్దు, పైవాడి కాలికింద కదిలిన రాయి కిందివాడి తలకే వస్తుంది. కాస్త పక్కకు జరిగి, ఒకరి తర్వాత ఒకరు దిగండి.

కిందికెళ్లాక నీళ్లు చల్లగా, నిలకడగా పిలుస్తున్నట్టుంటాయి. ముఖం కడుక్కోండి, కాళ్లు ముంచండి, అంతే. ఈదొద్దు. ఎగువన గండికోట రిజర్వాయరు, దిగువన మైలవరం డ్యాం, ఈ రెంటి మధ్య నీటిమట్టం నిన్న ఉన్నట్టు ఇవాళ ఉండదు. ఒడ్డున ఒక్క అడుగు తర్వాత ఎంత లోతో కూడా కనిపించదు. ఈత బాగా వచ్చని మా తమ్ముడు చొక్కా విప్పబోతే, పైనుంచి నేను వేసిన కేక ప్రతిధ్వనిస్తూ కిందికి చేరిందట. అక్కడున్న నలుగురు కుర్రాళ్లు కూడా భయపడి ఒడ్డుకొచ్చేశారు.

పైకొచ్చాక వెంటనే బండెక్కకుండా ఒక గంట నీడన పడుకోండి. ముందురోజు చెప్పి ఉంచితే ఊళ్లో జొన్నరొట్టె, నాటుకోడి కూర వండిపెట్టేవాళ్లు దొరుకుతారు. కోతులున్నచోట మాత్రం ప్లేటు బయటపెట్టొద్దు.

ఓపిక మిగిలితే అందరిలా బేలం వైపు కాకుండా తాడిపత్రి వెళ్లమంటాను. అక్కడి చింతల వేంకటరమణస్వామి గుడి, బుగ్గ రామలింగేశ్వరుడి గుడి కట్టించింది కూడా ఈ పెమ్మసాని నాయకులే. బుగ్గ గుడి పెన్న ఒడ్డునే, గోపురాలు పూర్తికాకుండా ఆగిపోయాయి. ఆ సగం గోపురాల మీద చెక్కిన పనితనం చూశాక, గండికోటలో మనం చూసింది ఎంత కొద్దిగా మిగిలిందో అర్థమవుతుంది. మధ్యాహ్నం గుళ్లు మూసి ఉంటాయి కాబట్టి నాలుగు తర్వాత చేరేలా బయల్దేరండి. కాళ్లు పట్టేసి ఉంటాయి, చెప్పులు విడిచి గుడి మెట్లెక్కడం ఆరోజు కాస్త కష్టమే.