నడుస్తూ నడుస్తూ పట్టేసే బ్రేకులు – మూడో పాఠం: పట్టు వదలకముందే పరీక్ష

మొదటి రెండు పాఠాల్లో పెడల్ నుంచి చక్రం దాకా బ్రేక్ ఆయిల్ వెళ్ళే దారి చూశాం, ప్యాడ్లు విప్పి అరుగుదల కొలిచాం. ఈసారి అందరినీ తిప్పలు పెట్టే దోషం. బయల్దేరినప్పుడు కారు బాగానే ఉంటుంది. విశాఖలో ఎన్ఏడీ జంక్షన్ దాటి హైవే ఎక్కి, హనుమంతవాక వచ్చేసరికి పికప్ తగ్గుతుంది. పెడల్ పైకి వచ్చి రాయిలా గట్టిపడుతుంది. మధురవాడ చేరేలోపు రిమ్ముల దగ్గర కాలిన వాసన. న్యూట్రల్లో వేస్తే బండి జారాల్సింది పోయి ఆగిపోతుంది. పక్కకి తీసి అరగంట ఆగితే ఏమీ జరగనట్టు వదిలేస్తుంది. షెడ్డుకి తీసుకెళ్ళేసరికి చక్రాలు చేత్తో తిరుగుతాయి, దోషం దొరకదు, ఊరికే కాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకేసి నొక్కే భాగాలు) మార్చేస్తారు. వారం తిరక్కుండా మళ్ళీ అదే కథ.

అందుకే ఈ పని చల్లారాక కాదు, పట్టేసి ఉండగానే చెయ్యాలి. పైనుంచి కిందికి, అంటే పెడల్ వైపు నుంచి చక్రం వైపుకి, వరుస తప్పకుండా చెయ్యాలి. రోడ్డు పక్కన చాలామంది ముందు చేసేది బ్లీడర్ నిపుల్ (చక్రం దగ్గర గాలి తీసే చిన్న స్క్రూ) తిప్పడం. చక్రం వదిలేస్తుంది, నిజమే. కానీ లోపలి ఒత్తిడంతా ఆ చుక్కలతో పోతుంది, దోషం ఎక్కడుందో చెప్పే సాక్ష్యం కూడా దాంతోపాటే పోతుంది.

ముందు కారణం అర్థం చేసుకుందాం. పెడల్ నొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి తోసే మాస్టర్ సిలిండర్లో, ఆయిల్ డబ్బా అడుగున, గుండుసూది మొనంత రంధ్రం ఒకటి ఉంటుంది. పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడే అది తెరుచుకుంటుంది. (ఏబిఎస్, అంటే గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు, ఉన్న కొన్ని కార్లలో రంధ్రానికి బదులు పిస్టన్ మధ్యలో చిన్న వాల్వు ఉంటుంది, పని అదే.) బ్రేక్ వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది. పెరిగిన ఆయిల్ ఆ రంధ్రంలోంచే డబ్బాలోకి వెళ్ళాలి. పిస్టన్ ఒక్క మిల్లీమీటరు ముందుకు నిలబడిపోయినా రంధ్రం మూసుకుపోతుంది. ఆయిల్‌కి దారి లేక ప్యాడ్లను డిస్కుకేసి నొక్కుతుంది, ఆ రాపిడితో వేడి పెరుగుతుంది, వేడితో ఆయిల్ ఇంకా వ్యాకోచిస్తుంది. చల్లారితే ఆయిల్ కుంచించుకుంటుంది, చక్రం వదిలేస్తుంది. పెడల్ పైపైకి రావడం, చల్లారితే సర్దుకోవడం – ఈ రెండూ కలిసి కనిపిస్తే అనుమానం ముందు పైభాగం మీద పడాలి, కాలిపర్ మీద కాదు.

కావలసినవి: బ్లీడర్‌కి 8 లేదా 10 మి.మీ. రింగు పానా, బ్రేక్ పైపు నట్లకి 10 మి.మీ. ఫ్లేర్ నట్ పానా (మామూలు పానా ఆ మెత్తటి నట్టు మూలలు తినేస్తుంది), మాస్టర్ సిలిండర్ నట్లకి 12 లేదా 13 మి.మీ. సాకెట్, సన్నని పారదర్శక గొట్టం, ఖాళీ సీసా, జాకీ, స్టాండు, చక్రాల కింద పెట్టడానికి నాలుగు రాళ్ళు, కళ్ళద్దాలు, గ్లవ్స్, ఒక బకెట్ నీళ్ళు. బ్రేక్ ఆయిల్ పడితే పెయింట్ లేచిపోతుంది, వెంటనే కడగాలి. ఆ నీళ్ళు కాలుతున్న డిస్కు మీద మాత్రం పోయకండి, డిస్కు వంకరపోతుంది, పగలొచ్చు కూడా.

చోటు చదునుగా ఉండాలి. కైలాసగిరి ఘాట్లోనో సింహాచలం కొండ మీదో ఈ పరీక్ష వద్దు. నట్టు వదులు చేసిన క్షణంలో చక్రాలు వదిలేస్తాయి, బండి కదులుతుంది. రాళ్ళు పెట్టాకే మొదలుపెట్టండి.

ముందు ఏ చక్రాలు పట్టాయో చూడండి. చేయి ఆనించకుండా జానెడు దూరంలో ఉంచితే వేడి తేడా తెలుస్తుంది, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే మరీ మంచిది. అంకె ఎంతన్నది కాదు, ఎడమ కుడి తేడా ముఖ్యం. ఒక్క చక్రమే అయితే దోషం సాధారణంగా ఆ చక్రం దగ్గరే. వెనక రెండే అయితే హ్యాండ్ బ్రేక్ కేబుల్. ముందు ఎడమ, వెనక కుడి – ఇలా ఐమూలగా జత పడితే ఒక సర్క్యూట్ (ఒక పైపు దారి) మొత్తం పట్టిందని. ముందు చక్రాలతో నడిచే కార్లలో ఎక్కువ భాగం పైపులు ఇలా ఐమూలగానే వెళ్తాయి. నాలుగూ పడితే పెడల్, బూస్టర్ (ఇంజన్ వాక్యూమ్‌తో పెడల్ నొక్కుడికి బలం కలిపే డబ్బా), పుష్ రాడ్ (ఆ తోపుడుని సిలిండర్ పిస్టన్‌కి చేర్చే కడ్డీ), లేదా పాడైన ఆయిల్.

ఇప్పుడు పరీక్షలు. పెడల్ మీద కాలు తీసి వెనక బ్రేక్ లైట్లు చూడమనండి. వెలుగుతున్నాయంటే పెడల్ పూర్తిగా వెనక్కి రాలేదు. మ్యాట్ అడ్డు పడిందా, స్ప్రింగ్ సాగిందా చూడండి. లైట్లు వెలగకపోయినా ఒకటి చూడాలి: ఈమధ్య లైట్ స్విచ్ మార్చి ఉంటే, దాన్ని మరీ ముందుకు బిగించడంవల్ల అదే పెడల్‌ని కాస్త కిందికి తోసి ఉంచుతుంది. రెండు చుట్లు వెనక్కి తిప్పితే తీరిపోయే పని.

రెండోది బూస్టర్. ఇంజన్ ఆపి బూస్టర్‌కి వచ్చే వాక్యూమ్ పైపు ఊడదీయండి. బుస్సుమని గాలి లోపలికి పోయి చక్రాలు వదిలేస్తే లోపలి వాల్వు మూసుకోవడం లేదు. బూస్టర్ మార్చాలి, విప్పి బాగుచెయ్యాలని చూడకండి.

వదల్లేదా? మాస్టర్ సిలిండర్‌ని బూస్టర్‌కి బిగించిన రెండు నట్లు వదులు చేసి సిలిండర్‌ని 3 మి.మీ. ముందుకు లాగండి, అంతకంటే ఎక్కువ లాగితే పైపులు వంగుతాయి. చక్రాలు వదిలితే పుష్ రాడ్ పొడవు ఎక్కువైంది. సిలిండర్ గానీ బూస్టర్ గానీ మార్చాక మొదలైన దోషమైతే నూటికి తొంభై ఇదే. తర్వాత సరిచూసుకోవడం ఇలా: ఇంజన్ ఆపి పెడల్ ఐదారుసార్లు నొక్కి వాక్యూమ్ పోగొట్టండి, వేలితో నొక్కండి. గట్టితనం తగిలేలోపు కొంచెం ఖాళీ నడక ఉండాలి. సాధారణంగా 1 నుంచి 6 మి.మీ.; మీ కారు సర్వీసు పుస్తకంలో ఉన్న అంకెదే చివరి మాట. అసలే లేకపోతే పిస్టన్ వెనక్కి రావడం లేదన్నమాట.

అప్పటికీ వదలకపోతే సిలిండర్ దగ్గరి పైపు నట్టు గుడ్డ కప్పి పావు చుట్టు వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే దోషం సిలిండర్లోనే. ఏబిఎస్ ఉంటే, వదలనప్పుడు దాని వాల్వుల బ్లాక్ నుంచి బయటికి పోయే నట్టు దగ్గర కూడా ఇదే చూడండి.

చివరికి చక్రం దగ్గరికి. రబ్బరు హోస్ బాడీ పైపుతో కలిసేచోట నట్టు వదులు చేయండి. వదల్లేదు, ఆ తర్వాత బ్లీడర్ తిప్పితే వదిలింది అనుకుందాం. హోస్ లోపలి పొర వాచి ఆయిల్‌ని వెళ్ళనిస్తోంది, తిరిగి రానివ్వడం లేదు. బయటికి హోస్ కొత్తదానిలానే కనబడుతుంది, అందుకే చాలామంది దాటేస్తారు. మార్చేటప్పుడు ఆ ఇరుసుకి రెండు వైపులా మార్చండి. బ్లీడర్ తిప్పినా వదలకపోతే అది ఒత్తిడి దోషం కాదు. పిస్టన్ తుప్పు పట్టింది, లేదా కాలిపర్ జారే పిన్నులు బిగుసుకున్నాయి. లాసన్స్ బే, సాగర్ నగర్, రుషికొండ వైపు ఆరుబయట నిలిపే కార్లలో ఉప్పుగాలికి ఈ పిన్నులు, హ్యాండ్ బ్రేక్ కేబుల్ ముందు పోతాయి. పిన్నులు తీసి తుడిచి సిలికాన్ గ్రీజు రాయాలి. బేరింగ్ గ్రీజు రాస్తే రబ్బరు బుష్ ఉబ్బి పిన్ను ఇంకా బిగుస్తుంది. వానల్లో వారాలపాటు హ్యాండ్ బ్రేక్ లాగి వదిలేసిన కార్లలో వెనక బ్రేక్ షూలు డ్రమ్ముకి అంటుకుపోతాయి. చదును చోటైతే గేర్లో వేసి రాళ్ళు పెట్టడమే మేలు.

సిలిండర్లోనే దోషం అని తేలితే, కొత్తది కొనడానికి గాజువాక ఆటోనగర్ బయల్దేరేముందు ఒక్క పని చెయ్యండి. డబ్బా మూత తీసి అందులోని రబ్బరు డయాఫ్రం చూడండి. అది ఉబ్బి, సాగి, మూతలో పట్టకుండా ఉంటే బ్రేక్ ఆయిల్లో ఇంజన్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో కలిసింది. పాత ఇంజన్ ఆయిల్ డబ్బాలో పోసి దాచిన బ్రేక్ ఆయిల్, తుడవని గరాటు – ఇంతే చాలు. గ్లాసు నీళ్ళలో నాలుగు చుక్కలు వేయండి. బ్రేక్ ఆయిల్ నీళ్ళలో కలిసిపోతుంది, ఖనిజ నూనె పైన తేలుతుంది. తేలితే సిలిండర్ ఒక్కటి మారిస్తే లాభం లేదు. ఆ నూనె తగిలిన సీళ్ళు, హోస్‌లు, కాలిపర్ రబ్బర్లు అన్నీ మార్చి, పైపులు కడగాలి. ఖర్చు చూసి సగం పని చేస్తే కొత్త సిలిండర్ సీళ్ళు కూడా నెలలోపు ఉబ్బుతాయి.

ఏ నట్టు వదులు చేసినా, మళ్ళీ బిగించి గాలి తీసేదాకా బండి రోడ్డెక్కకూడదు. గాలి తీయడమే నాలుగో పాఠం. దానికి సీలు తియ్యని డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ ఒక లీటరు తెచ్చిపెట్టుకోండి, మీ డబ్బా మూత మీద డాట్ 3 అని ఉన్నా ఫరవాలేదు. సిలికాన్‌తో చేసే డాట్ 5 మాత్రం వద్దు. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చాక ఆ హద్దు 155కి పడిపోతుంది. విశాఖ గాలిలో తేమకు కొరత లేదు కాబట్టి మూత తీసిన సీసాని వచ్చే ఏడాదికి దాచకండి.