బిగుసుకుపోయిన ఇంజన్ ఫ్యాన్ ఊడాలంటే

పాత డీజిల్ బండికి ఇంట్లోనే వాటర్ పంప్ మార్చేవాళ్లకు ఓ మాట. పంప్‌కి ముందుండే విస్కస్ ఫ్యాన్ (సిలికాన్ ఆయిల్ నిండిన క్లచ్ మీద తిరిగే ఇంజన్ ఫ్యాన్) వెనక ఉండే పెద్ద నట్టు, అందులోనూ మన చెన్నైలో బీచ్ వైపు ఉప్పుగాలి తిన్న బండిదైతే, మెల్లగా బలం పెడితే కదలదు, ఫ్యానూ పుల్లీ కలిసి గిర్రున తిరుగుతాయంతే. బెల్ట్ ముందే విప్పకండి, అది బిగుతుగా ఉంటేనే పుల్లీకి కాస్త పట్టు. ఇంజన్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసేసి, రేడియేటర్‌కి అడ్డంగా అట్టముక్క పెట్టండి (స్పానర్ జారిందా, ఆ సన్న రెక్కలు నలిగిపోతాయి), బెల్ట్ మీద పడకుండా నట్టు మొదట్లో తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఓ పూట వదిలేయండి. తర్వాత పుల్లీ బోల్టుల మధ్య స్క్రూడ్రైవర్ ఇరికించి, స్పానర్ చివర సుత్తితో ఠపీమని ఒక్క దెబ్బ. లాగితే రానిది ఆ అదురుకి వదులుతుంది. కొన్ని బండ్లకు ఎడమ మర, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది, మాన్యువల్ చూడకుండా కొడితే ఇంకా బిగుస్తుంది. పలచటి స్పానర్ దొరక్కపోతే పాత బండి సామాన్లు దొరికే పుదుపేటలో వెతకండి. ఊడిన ఫ్యాన్ క్లచ్‌ని మాత్రం బండిలో ఉన్నట్టే నిలబెట్టి ఉంచండి, పడుకోబెడితే లోపలి సిలికాన్ ఆయిల్ కారిపోవచ్చు.