మొదటి చిట్టీ దగ్గరే లూప్ ఆగిపోతోందా? పైథాన్ కర్సర్: సమస్య - పరిష్కారం

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు యాసంగి వడ్ల లెక్కల ప్రోగ్రామ్ రాసిచ్చాను. పైథాన్, వెనక డేటాబేస్‌గా ఎస్‌క్యూలైట్. కాంటా చిట్టీలను ఒక్కొక్కటిగా తీసి, తేమ, తాలు కోత పోను రైతుకు ఎంత రావాలో లెక్కగట్టి అదే టేబుల్‌లో రాయాలి. నడిపితే ఎర్రర్ ఏమీ రాలేదు, 'పూర్తయింది' అని కూడా చూపించింది. తీరా చూస్తే 140 చిట్టీల్లో ఒక్కదానికే లెక్క పడింది. మిగతా రైతులు ఆఫీసు ముందు నిలబడి ఉన్నారు. ఎర్రర్ వచ్చి ఆగిపోయినా ఇంత టెన్షన్ ఉండేది కాదు.

కారణం: వరుసలు చదివే సెలెక్ట్ ఆదేశం నడిపిన కర్సర్‌తోనే, లూప్ లోపల వాటిని మార్చే అప్‌డేట్ ఆదేశం కూడా నడిపాను. కర్సర్ అంటే చేతికొచ్చిన జాబితా కాదు, చిట్టీల కట్టలో ఎక్కడిదాకా చూశామో గుర్తుగా పెట్టుకున్న వేలు. అదే కర్సర్‌తో మళ్లీ ఎగ్జిక్యూట్ చేస్తే ఆ వేలు పాత కట్ట మీంచి లేచిపోతుంది. అప్‌డేట్‌కు వరుసలేమీ రావు కాబట్టి, తర్వాతిది ఇమ్మని ఫర్ లూప్ అడగ్గానే 'అయిపోయాయి' అన్న జవాబే వస్తుంది.

పరిష్కారం: చదవడానికి ఒక కర్సర్, రాయడానికి ఇంకొకటి పెట్టుకోండి. చదువుతున్న టేబుల్‌నే మారుస్తుంటే అదీ చాలదు. మార్చిన వరుసలు నడుస్తున్న సెలెక్ట్‌లో మళ్లీ కనిపిస్తాయా లేదా అన్నదానికి ఎస్‌క్యూలైట్ హామీ ఇవ్వదు. అందుకే ముందు ఫెచ్‌ఆల్‌తో అన్నీ లిస్టులోకి తెచ్చుకుని, ఆ లిస్టు మీద లూప్ తిప్పండి. కొన్ని వేల చిట్టీలకు మెమరీ గురించి ఆలోచించాల్సిన పనే లేదు. లూప్ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, ముందే తీసుకున్న కౌంట్‌తో పోల్చండి. తేడా వస్తే కమిట్ (మార్పులు ఖాయం చేయడం) వద్దు, రోల్‌బ్యాక్ (మార్పులు వెనక్కి తీసుకోవడం) చేయండి. ఈ కౌంట్ కోసం కర్సర్ చూపే వరుసల సంఖ్య, రోకౌంట్‌ను నమ్మకండి, ఎస్‌క్యూలైట్‌లో సెలెక్ట్‌కు అది -1 చూపిస్తుంది.

రెండో లూప్ ఖాళీగా వస్తే: ఒక లూప్‌లో బస్తాలు కూడి, అదే కర్సర్ మీద ఇంకో లూప్‌తో రసీదులు ప్రింట్ చేయబోతే ఒక్కటీ రాదు. వేలు అప్పటికే కట్ట చివరికి చేరింది, వెనక్కి రాదు. దీనికీ లిస్టే మందు.

మెమరీ నిండి ప్రోగ్రామ్ పడిపోతే: పాత సీజన్లన్నీ కలిసి లక్షల వరుసలున్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఇది ఎదురవుతుంది. పైథాన్‌ను పోస్ట్‌గ్రెస్‌తో కలిపే సైకోపీజీ2 లైబ్రరీలో మామూలు కర్సర్, ఎగ్జిక్యూట్ కాగానే ఫలితమంతా మన కంప్యూటర్‌కు తెచ్చేస్తుంది. కర్సర్‌కు ఒక పేరు ఇస్తే అది సర్వర్‌లోనే ఉండి, లూప్ తిరుగుతున్న కొద్దీ 2000 వరుసల చొప్పున పంపుతుంది. లూప్ మధ్యలో కమిట్ చేస్తే మాత్రం ఆ పేరున్న కర్సర్ మూతపడి ఎర్రర్ వస్తుంది. కమిట్‌ను లూప్ బయటికి తీయండి. వీలుకాకపోతే కర్సర్ తెరిచేటప్పుడే, కమిట్ తర్వాత కూడా దాన్ని తెరిచి ఉంచే విత్‌హోల్డ్‌ను ట్రూ చేసి, పని కాగానే మరిచిపోకుండా మూసేయండి.