ఉక్కుతాడు పంటు మీద కారుతో సరస్సు దాటే విధానం

మన విజయనగరం వైపు పడవ అనగానే తాటిపూడి జలాశయంలోని బోటో, కొమరాడ దగ్గర నాగావళిని దాటించే నాటుపడవో గుర్తుకు వస్తుంది. వాహనాలను మోసే పంటును చూడాలంటే గోదావరి మీద నరసాపురం రేవుకు వెళ్ళాలి. ఒడ్డు నుంచి ఒడ్డుకు కట్టిన ఉక్కుతాడు ఆధారంగా సరస్సును దాటే పంటు మరొక రకం. ఇంగ్లండులో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్ళి అక్కడ కారు నడిపే మనవారికి విండర్‌మియర్ సరస్సు మీద అది ఎదురవుతుంది.

దాని పేరు మల్లార్డ్. 1990 నుంచి నడుస్తోంది. బావిలో నీళ్ళు తోడేటప్పుడు మనం నిలబడి తాడును లాగుతాము. ఇక్కడ తాడు రెండు కొసలూ ఒడ్డున బిగించి ఉండగా, పంటులోని యంత్రం ఆ తాడును చక్రాల మీదుగా లాగుకుంటూ తానే ముందుకు జరుగుతుంది. పంటుకు దూరంగా ఉన్న తాడు నీటి అడుగున పడి ఉంటుంది గాని, దగ్గరకు వచ్చేకొద్దీ బిగుసుకుని పైకి లేస్తుంది కనుక, చిన్న పడవల వారు కదులుతున్న పంటుకు ఎదురుగా అడ్డం వెళ్ళకూడదు.

ఈదురుగాలి వీచినా, సరస్సులో నీటిమట్టం బాగా పెరిగినా పంటును ఆపివేస్తారు కనుక, బయలుదేరే ముందే ఆ రోజు నడుస్తున్నదో లేదో తెలుసుకోవాలి. బౌనెస్ ఊరి దగ్గర రేవు చేరాక వరుసలో నిలబడాలి. ఒక విడతకు సుమారు 18 కార్లు మాత్రమే పడతాయి. పెద్ద వ్యాన్లు ఉంటే ఆ లెక్క ఇంకా తగ్గుతుంది.

ఎక్కేటప్పుడే అసలు జాగ్రత్త కావాలి. అవతలి నుంచి వచ్చిన వాహనాలన్నీ దిగేవరకు ఆగి, సిబ్బంది చేయి ఊపిన తరువాతే మొదటి గేరులో, స్టీరింగు తిప్పకుండా, వాలుపలక మీదికి మెల్లగా ఎక్కించాలి. తొందరపడితే, పలక రోడ్డును కలిసే చోట నేలకు దగ్గరగా ఉండే కారు అడుగుభాగం గీసుకుంటుంది. బరువు రెండు వైపులా సమంగా పడేలా వారు చూపిన చోటనే నిలపాలి గాని, దృశ్యం బాగుందని అంచుకు జరపకూడదు. హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను ఆపాలి. కారులోంచి దిగడానికి అనుమతిస్తే, పిల్లల చేతులూ చీర కొంగులూ తాడు చక్రాల దరికి పోకుండా చూసుకోవాలి. (మనవాళ్ళకు ఫోటోల సరదా ఎక్కువ కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెప్పవలసి వస్తోంది.)

అవతలి ఒడ్డున పలక పూర్తిగా నేలకు ఆని, ముందు కారు కదిలాక గాని ఇంజను వేయకూడదు.

పంటు ఆగిపోయిందని తెలిస్తే, సరస్సు ఉత్తరపు కొసన ఉన్న ఆంబుల్‌సైడ్ మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాలి. ఆ తోవన దూరం బాగా పెరుగుతుంది కనుక, మధ్యాహ్న భోజనం ఏ ఒడ్డున అన్నది ఈ కబురు తెలిశాకనే తేల్చుకోవడం మంచిది.