చెట్లు కోసే మిషన్ (చైన్‌సా) దగ్గుతోందా? కార్బురేటర్ స్క్రూ తిప్పకముందు ఇవి చూడండి

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకుముందే కావలి వైపు గాలి దుమ్మురేపింది. మా ఇంటి ముందున్న వేపచెట్టు దారికి అడ్డంగా పడింది. వేసవిలో సర్వి తోట కొట్టాక మూలన పెట్టిన కోత మిషన్ బయటికి తీశాను. తాడు లాగీ లాగీ చెయ్యి పడిపోయాక స్టార్ట్ అయింది. యాక్సిలరేటర్ నొక్కితే రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. టెన్షన్‌లో కార్బురేటర్ స్క్రూలు ఇటూ అటూ తిప్పేశాను. అసలు తప్పు ట్యాంకులో ఉంది. ఇంకో తప్పు నేను తెచ్చిపెట్టాను.

అందుకే వరస ముఖ్యం. ఏది చూడాలన్నా ముందు మిషన్ ఆపి, చల్లారనిచ్చి, ప్లగ్గు క్యాప్ ఊడదీయండి.

1. పెట్రోలు

ట్యాంకులో ఉన్నదాన్ని గాజు సీసాలోకి వంచి కాసేపు కదపకుండా ఉంచండి. మధ్యలో గీత గీసినట్టు రెండు పొరలు కనిపిస్తే మిషన్ తప్పేమీ లేదు. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీల్చుకుంటుంది, మన సముద్రపు గాలిలో తేమకు కరువా! నీళ్లు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి అడుగుకు దిగుతాయి. ట్యాంకులోని ఫిల్టర్ పీల్చేది ఆ అడుగు నుంచే.

కొత్త పెట్రోల్లో 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) కలపండి. చాలా మిషన్లకు 50:1, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. మీ మిషన్ పుస్తకంలో వేరే లెక్క ఉంటే అదే వేదం. కలిపి నెల దాటింది వాడొద్దు.

2. ట్యాంకు ఫిల్టర్, మూత

కొక్కెంలా వంచిన తీగతో ఫిల్టర్‌ను బయటికి లాగండి. నల్లబడితే మార్చేయండి, కడుక్కుంటూ కూర్చునేంత ఖరీదైనది కాదు. పావుగంట బాగా ఆడి ఆగిపోతోందా? చల్లారాక మూత మెల్లగా వదులు చేయండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, ఆ తర్వాత మళ్లీ స్టార్ట్ అయితే గాలి రంధ్రం పూడుకుపోయినట్టే.

3. ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గు, సైలెన్సర్

ఎయిర్ ఫిల్టర్ తీసేముందు చోక్ మూయండి, లేకపోతే పొట్టు లోపలికి రాలుతుంది. సబ్బునీళ్లతో కడిగి బాగా ఆరాకే బిగించండి.

ప్లగ్గు కొన లేత గోధుమ రంగులో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లగా తడిగా ఉంటే గాలి చాలడం లేదు, లేదా ఆయిల్ ఎక్కువైంది. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, ఆ మిషన్‌ను అలాగే నడపొద్దు. గ్యాప్ చాలావాటికి 0.5 మిల్లీమీటర్లు.

స్లోలో బాగానే ఆడి, మొద్దు మీద పెట్టగానే ముక్కుతుంటే సైలెన్సర్ నోటి దగ్గరి జాలీ చూడండి. మసి పట్టి ఉంటుంది. వైర్ బ్రష్‌తో రుద్దితే చాలు.

4. ఇప్పుడు కార్బురేటర్

ఎల్ స్క్రూ స్లోకి, హెచ్ స్క్రూ ఫుల్ స్పీడుకి. కుడివైపు తిప్పితే పెట్రోలు తగ్గుతుంది. హెచ్‌ను బిగించేకొద్దీ మిషన్ రయ్యిమని అరుస్తుంది, వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ పిస్టన్‌కు అందే ఆయిల్ పెట్రోలుతో కలిసే వస్తుంది. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గి పిస్టన్ గీతలు పడి పట్టేస్తుంది. తిప్పేముందు స్క్రూ ఎక్కడుందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఆ పని చేయనందుకు నాకు మెకానిక్ దగ్గర అరపూట పోయింది.

స్లోలో చైన్ తిరగకూడదు. తిరుగుతుంటే ఐడిల్ స్క్రూ కాస్త వదులు చేయండి. అయినా ఆగకపోతే క్లచ్ స్ప్రింగు పోయినట్టు.

ఇవన్నీ అయ్యాక కూడా బలం లేకపోతే, స్విచ్ ఆఫ్‌లో ఉంచి తాడు పట్టుకుని మిషన్‌ను గాల్లోకి లేపండి. ఆగి ఆగి దిగితే కంప్రెషన్ (ఇంజన్ లోపల గాలిని నొక్కిపట్టే బలం) ఉన్నట్టు. ఒక్కసారే జారిపోతే రింగులు, పిస్టన్ విప్పాల్సిందే, అది షాపు పని.

5. ఇంజన్ బాగానే ఉంటే

మిషన్‌కు బలం లేదని షాపుకు తీసుకెళ్లేవాళ్లలో కొందరిది చైన్ మొద్దుబారిన కేసు. కింద రాలే పొట్టు చూడండి. నూకల్లా, పేలికల్లా రాలితే పదునుంది. గోధుమపిండిలా రాలితే లేదు. సర్వి, జామాయిల్ మొదలు నేలకు ఆనించి కోసినప్పుడు చైన్ ఒక్కసారి ఇసుక తాకితే చాలు. చేతికి గ్లవ్స్ వేసుకుని, చైన్‌కు సరిపడే గుండ్రటి ఆకురాయితో, ప్రతి పంటికీ అన్నే రాపిళ్లు, ముందుకు తోసేటప్పుడు మాత్రమే రాయండి. ఒకవైపు ఎక్కువ రాస్తే కోత ఒక పక్కకు వంకర పోతుంది.