ఫోన్‌లో చోటు చెప్పడానికి తడుముకోకుండా

కళాశాల ప్రాంగణంలో రాత్రివేళ ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే, భద్రతా సిబ్బందికి ఫోన్ చేసినవారు "ఎక్కడున్నారు?" అన్న ప్రశ్న దగ్గరే తడబడిపోతారు. అందుకని గుర్తింపు కార్డు వెనుక, అదే తొడుగులో, ఒక చిన్న కాగితం పెట్టుకుని, దానిపై భద్రతా విభాగం నంబరు, మీరు రోజూ ఉండే రెండు మూడు భవనాల పూర్తి పేర్లు, అంతస్తు, వాటికి దగ్గరలో అంబులెన్సు పట్టే గేటు పేరు బాల్‌పెన్నుతో రాసుకోండి. జెల్ పెన్ను సిరా చెమటకే అలుక్కుపోవచ్చు. మీ ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయినా ఈ కాగితం చూసి పక్కవారి ఫోన్ నుంచి చెప్పవచ్చు. అయితే సెమిస్టరు మారి తరగతులు వేరే భవనానికి వెళ్లినా, రాసుకున్న గేటును రాత్రిపూట మూసేసినా ఈ కాగితం తప్పుదారి పట్టిస్తుంది. కాబట్టి కొత్త టైమ్‌టేబుల్ వచ్చిన రోజే తిరగరాసి, గేటు వేళలను కాపలాదారుని అడిగి తెలుసుకోండి.